అమ్మేవారి అప్పు తీరని ఫ్లాటును మన బ్యాంకు లోనుతో కొనేటప్పుడు డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి?

మీరు కొనదలచిన ఫ్లాటు మీద అమ్మేవారికి వేరే బ్యాంకులో ఇంటి లోను ఉంది, ఒరిజినల్ పత్రాలన్నీ ఆ బ్యాంకులోనే ఉన్నాయి, ఆ లోను కట్టేయడానికి 10 లక్షలు తన సేవింగ్స్ ఖాతాలో వేయమని ఆయన అడుగుతున్నారు, మీ బ్యాంకు వకీలు మాత్రం టైటిల్ బాగుందని రాసిచ్చారు. ఆ మాట మీద ధైర్యం చేసి డబ్బు వేయవచ్చా అన్నది మీ ప్రశ్న. మేము 2024లో అచ్చం ఇలాంటి ఫ్లాటే కొన్నాము కాబట్టి సూటిగా చెబుతాను: డబ్బు ఇవ్వండి, కానీ ఆయన సేవింగ్స్ ఖాతాలో వేయకండి. ఆ బ్యాంకు పేరు, ఆయన లోను ఖాతా నంబరు రెండూ రాసిన చెక్కు గానీ డీడీ గానీ తీసి, మీరే వెళ్లి ఆ బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మే మనిషి ఎంత మంచివారైనా, సేవింగ్స్ ఖాతాలో పడిన డబ్బు ఇంకో చేబదులు కిందో క్రెడిట్ కార్డు బాకీ కిందో కరిగిపోతే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

అంతకన్నా ముందు ఆయన చేత తన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెప్పించండి. ఫలానా తేదీ నాటికి ఎంత కడితే లోను పూర్తిగా మూసేస్తారో తెలిపే ఫోర్‌క్లోజర్ లెటర్ ఒకటి, తమ దగ్గర ఏయే పత్రాలు ఉన్నాయో తెలిపే జాబితా ఇంకొకటి. ముందే కట్టేస్తే బ్యాంకు జరిమానా వేస్తుందని, అది కూడా మీరే భరించాలని కొందరు అమ్మకందారులు అడుగుతారు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనులపై అలాంటి రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, ఆ బేరానికి ఒప్పుకోనక్కరలేదు.

ఇక వకీలు అభిప్రాయం సంగతి. బ్యాంకు ప్యానెల్ అడ్వకేటు బ్యాంకు కోసం పనిచేస్తారు, మన కోసం కాదు. తాకట్టు పెట్టుకోవడానికి ఈ ఆస్తి పనికొస్తుందా, అవసరమైతే వేలం వేసుకోవచ్చా అన్నదే ఆయన చూసేది, ఆ పనిని ఆయన సరిగ్గానే చేస్తారు. కానీ మా ఫ్లాటు విషయంలో కారు పార్కింగ్ సేల్ డీడ్ షెడ్యూలులో అసలు లేదని, అసోసియేషనుకు రెండేళ్ల మెయింటెనెన్స్ బాకీ ఉందని ఆ నివేదికలో ఒక్క ముక్క కూడా లేదు. మేము విడిగా పెట్టుకున్న వకీలు అన్నీ క్షుణ్ణంగా చూసినప్పుడే ఆ రెండూ బయటపడ్డాయి. ఇంటి ధరతో పోలిస్తే ఆయన ఫీజు ఒక లెక్క కాదు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం విషయంలో కూడా బ్యాంకు అడిగిన సంవత్సరాలతో సరిపెట్టుకోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించుకోవాలి.

అమ్మేవారితో రాసుకునే అమ్మకం అగ్రిమెంటును రిజిస్టరు చేయించండి, ఖర్చయినా సరే. రిజిస్టరైన అగ్రిమెంటు ఈసీలో కనిపిస్తుంది కాబట్టి, మీరు లోను కట్టేసిన రోజుకూ మీ రిజిస్ట్రేషన్ రోజుకూ మధ్య ఆయన అదే ఫ్లాటును మరొకరికి చూపించినా, ఆ వచ్చేవారికి మీ సంగతి తెలుస్తుంది. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో కొనేవారికి ప్రమాదకరమైనవి ఆ కొద్ది రోజులే: డబ్బు మనది వెళ్లిపోయింది, పత్రాలు విడుదలయ్యాయి, ఆస్తి ఇంకా ఆయన పేరునే ఉంది. అందుకే పత్రాలు ఆయన ఇంటికి వెళ్లకుండా, ఆయన బ్యాంకు నుంచి నేరుగా మన బ్యాంకు అధికారి చేతికి అందేలా ఆయన చేత అధికార పత్రం రాయించి, ఆ ఏర్పాటుకు రెండు బ్రాంచీల నుంచీ ముందే లిఖితపూర్వకంగా ఒప్పుదల తీసుకున్నాము. టైటిల్ లోపం వల్ల మన లోను ఆగిపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా అగ్రిమెంటులో రాయించాము.

అమ్మేవారి బ్యాంకులో పత్రాలు తీసుకున్న రోజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది అక్కడే. జాబితాలో ఏడు పత్రాలున్నాయి. కౌంటరు మీద పరిచి ఒక్కొక్కటే చూస్తున్నప్పుడు, నాలుగోది, 1994 నాటి లింక్ డాక్యుమెంటు, అంటే ఆస్తి అంతకు ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు, మా ఆవిడ చేతిలో ఆగిపోయింది. మిగతా వాటిలో రిజిస్ట్రారు ముద్రల సిరా కాగితంలోకి ఇంకి వెనక వైపుకు ఊరింది, దీని వెనక మాత్రం తెల్లగా ఉంది. అది కలర్ జిరాక్సు. జాబితాలో ఒరిజినల్ అని ఉంది, ఫైలులో జిరాక్సు ఉంది, అధికారికి కూడా అప్పటిదాకా ఆ విషయం తెలియదు. పత్రాలన్నీ అందాయని సంతకం పెట్టేసి బయటికి వచ్చి ఉంటే, పోగొట్టింది ఎవరన్న ప్రశ్న మా మెడకు చుట్టుకునేది.

ఇక్కడ మాకు ఉపయోగపడింది 2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం. 2023 డిసెంబరు 1 నుంచి, లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలన్నీ తిరిగి ఇచ్చి, ఏ రిజిస్ట్రీలో తాకట్టు నమోదై ఉన్నా దాన్ని తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. పత్రాలు పోయినా పాడైనా, సర్టిఫైడ్ కాపీలు పొందడంలో సాయపడి ఆ ఖర్చు కూడా రుణం ఇచ్చిన సంస్థే పెట్టుకోవాలి, ఆ పనికి మరో 30 రోజుల గడువు ఉంటుంది. అయితే ఈ హక్కు లోను తీసుకున్నవారిది, అంటే అమ్మేవారిది, మనది కాదు. అందువల్ల ఫిర్యాదు లేఖ ఆయన చేతనే రాయించాము. ఆ బ్యాంకు పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ అన్నీ తన ఖర్చుతోనే చేయించింది, మన బ్యాంకు వకీలు వాటిని చూసి అనుబంధ అభిప్రాయం ఇచ్చారు. రిజిస్ట్రేషన్ ఐదు వారాలు వెనక్కి జరిగింది, మేము ఉంటున్న అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేసినందువల్ల ఆ ఐదు వారాలూ చాలా ఇబ్బంది పడ్డాము.

పత్రాలు చేతికొచ్చినా పని పూర్తి కాదు. తాకట్టు పెట్టినప్పుడు రిజిస్టరు చేసిన డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్, అంటే పత్రాలను బ్యాంకులో తాకట్టు ఉంచినట్టు రాసిన పత్రం, ఈసీలో ఉంటుంది, ‘బాకీ లేదు’ అని బ్యాంకు ఇచ్చే ఉత్తరంతో అది చెరిగిపోదు. బ్యాంకు తరఫున రిలీజ్ పత్రం లేదా రసీదు రిజిస్టరు కావాలి. ఆ తరువాత కొత్త ఈసీ తీసి చూసుకున్నాకే మిగతా సొమ్ము సంగతి మాట్లాడండి. సెర్సాయి అనే కేంద్ర రిజిస్ట్రీలో కూడా పాత తాకట్టు తొలగిందో లేదో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా చూసుకోవచ్చు.

డబ్బు లెక్కలో చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. రిజర్వు బ్యాంకు పరిమితుల ప్రకారం 30 లక్షల లోపు లోనుకు ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం వరకే ఇస్తారు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను మామూలుగా ఆ విలువలో కలపరు. పైగా మీరు ఒప్పుకున్న ధర కన్నా బ్యాంకు ఇంజినీరు వేసిన విలువ తక్కువైతే ఆ తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉండి, అమ్మేవారు ఇక్కడి నివాసి అయితే, 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టాల్సింది మీరే. అది మొత్తం ధర మీద, కాబట్టి బ్యాంకు ఇచ్చే వాటా కూడా లెక్కలోకి వస్తుంది. మీ చేతి నుంచి ఇచ్చే సొమ్ములోనే దాన్ని మినహాయించుకోండి. అమ్మేవారు విదేశాల్లో ఉంటే నిబంధనలు వేరు, ఆడిటరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు.

రిజిస్ట్రేషన్ అయ్యాక మీ బ్యాంకు మీ ఒరిజినల్స్ తీసుకుంటుంది. ఆ రోజు ఒక్కో పత్రం నంబరు, సంవత్సరం, పేజీల సంఖ్య, ఒరిజినలా కాపీయా అన్నది రాసిన జాబితా మీద అధికారి సంతకం, బ్రాంచి ముద్ర వేయించుకోండి. మా అధికారి మొదట ‘అవన్నీ సిస్టంలో ఉంటాయి సార్’ అన్నారు. 1994 నాటి జిరాక్సు కథ చెప్పగానే మారుమాట లేకుండా సంతకం పెట్టారు.