ఆగిపోయిన పాత గడియార స్తంభాన్ని మోటారు పెట్టకుండా చేత్తో బాగుచేయగలమా?

మీ ఊరి గడియార స్తంభం ఏళ్ల తరబడి ఆగి ఉందనీ, పళ్ళ చక్రాలు పీకేసి మోటారు పెట్టమని అందరూ అంటున్నారనీ రాశారు. పాతదాన్నే నడిపించే దారి ఉందా అని అడిగారు. ఉంది. మా పట్నంలో పాత మార్కెట్ మీది గడియారాన్ని నేనూ, వాచీలు బాగుచేసే ఒక పెద్దాయనా కలిసి 14 నెలల ఆదివారాలు పెట్టి నడిపించాం. నాది లేత్ పని. అంతకుముందు అంత పెద్ద గడియారాన్ని ముట్టుకున్నది లేదు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. గడియారాన్ని నడిపేది తాళ్లకు వేలాడే బరువులే; వాటిని నేలకు దించకుండా ఒక్క బోల్టు కూడా విప్పకండి. మాదాంట్లో గంట కొట్టే వైపు బరువే దాదాపు 150 కిలోలు. డ్రమ్ముకు, అంటే తాడు చుట్టుకునే పీపాకు, తాడు చుట్టి ఉన్నంతసేపూ ఆ భారమంతా చక్రాల పళ్ళ మీదే ఉంటుంది. ఏదన్నా వదులైతే చక్రాలు గిర్రున తిరుగుతాయి, పక్కనున్న చెయ్యి దక్కదు. చైన్ పుల్లీతో బరువు దించి, తాడు వదులైందని లాగి చూశాకే పెద్దాయన నన్ను స్పానర్ పట్టనిచ్చారు.

రెండోది, యంత్రమే పాడైందని అనుకోకండి. డయళ్లకు వెళ్లే కడ్డీని విడదీసి, చిన్న బరువు కట్టి పెండ్యులం ఊపితే మా యంత్రం ఇరవై నిమిషాలు ఆడింది. ఆ టిక్కుటక్కు వినేసరికి ఇద్దరికీ నోట మాట రాలేదు. జబ్బంతా డయళ్ల వెనక ఉంది. పావురాల రెట్ట పడి అక్కడి చిన్న చక్రాలు తుప్పు పట్టాయి. ఒక డయలు మీద పెద్ద ముల్లు వంగి చిన్న ముల్లును గీరుతోంది. నాలుగు డయళ్లలో ఒక్కటి పట్టేసినా నాలుగూ ఆగిపోతాయి.

ఎవరో ఎప్పుడో చక్రాల పళ్ళకి లారీ గ్రీజు దట్టంగా పూశారు. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ బాధే. ఇత్తడి మెత్తన కాబట్టి అదే అరుగుతుందనుకుంటాం. కానీ గ్రీజుకు అంటుకున్న దుమ్ము ఇత్తడిలో దిగబడి, ఆకురాయిలా ఎదురుగా ఉన్న ఉక్కును తినేస్తుంది. కిరసనాయిలు, బ్రష్షు, వెదురుపుల్లతో కడిగాం. పళ్ళను పొడిగానే వదిలేయాలి. నూనె చుక్క ఇరుసు కొనలు తిరిగే రంధ్రాలకీ, యాంకర్ (పెండ్యులంతో పాటు ఊగుతూ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం) కొక్కేలకీ చాలు. విప్పేటప్పుడు చక్రాల మీద పంచ్ గుర్తులు (ఏది ఎక్కడ కలవాలో తెలిపే కొట్టిన చుక్కలు) కనిపిస్తే ఫొటో తీసుకోండి, మెరుగు పేరుతో వాటిని అరగదీయకండి.

రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు, అంటే రంధ్రంలో బిగించే చిన్న గొట్టాలు, తయారుచేసి వేశాను. మొదటి బుష్ దగ్గర తప్పు చేశాను. అరిగిన రంధ్రం నడిమధ్యన కేంద్రం పెట్టి బోర్ చేశాను. అరుగుదల ఒక పక్కకే ఉంటుంది కాబట్టి అసలు కేంద్రం అది కాదు. చక్రం పక్కకు జరిగి పళ్ళు బిగుసుకుపోయాయి. దాన్ని తీసేసి, అరగని అంచును ఆధారంగా పట్టుకుని మళ్లీ చేశాను.

నాకు అన్నిటికన్నా నచ్చిన పని యాంకర్‌ది. చక్రం పళ్ళు పదే పదే తగిలి, దాని రెండు కొక్కేల మీదా గుంటలు పడ్డాయి. నేను సానపట్టేద్దామన్నాను. పెద్దాయన వద్దని, యాంకర్‌ను దాని ఇరుసు మీదే పన్ను మందం మేర పక్కకు జరిపించారు. ఇప్పుడు పళ్ళు అరగని చోట పడుతున్నాయి. ఉన్న లోహంలో ఒక రజను కూడా పోలేదు. తరవాత రసమట్టంతో ఫ్రేము సరిచేసి, టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానమయ్యేదాకా కళ్ళు మూసుకుని వింటూ సర్దుబాటు మర తిప్పాం.

గంట సుత్తి కొట్టాక లోహాన్ని ఆనుకుని ఉండకూడదు, కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి రావాలి. ఆనుకుంటే మోత చచ్చిపోవడమే కాదు, గంట పగలొచ్చు.

టైము సరిచేయడానికి తొందరపడకండి. పెండ్యులం కడ్డీ ఉక్కుదైతే ఒక డిగ్రీ వేడి పెరిగితే రోజుకు సుమారు అర సెకను వెనకబడుతుంది. డిసెంబరులో సరిచేసింది మే నెలలో రోజుకు కొన్ని సెకన్లు తగ్గొచ్చు. లండన్ వెస్ట్‌మినిస్టర్ గడియారానికి (బిగ్ బెన్) పెండ్యులం మీద పాత పెన్నీ నాణెం ఒకటి పెడితే రోజుకు 0.4 సెకను ముందుకు వెళ్తుంది. మేం పెన్నీలకు బదులు చిన్న వాషర్లు పెట్టుకున్నాం.

ఇప్పుడు మార్కెట్లో పూలకొట్టు అబ్బాయి ప్రతి ఆదివారం పైకెక్కి కీ ఇస్తున్నాడు. మీరు ముందు డయళ్ల వెనక టార్చి వేసి చూడండి. పెండ్యులం పొడవు, యాంకర్ ఫొటో, ఫ్రేము మీద పోతపోసిన పేరు ఇక్కడ పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.