ముందు రెక్క విమానం కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కట్టబోయే రిమోట్ నమూనా విమానానికి గీసి పంపిన బొమ్మ చూశాను. వెనుక ఉండే అడ్డ తోక తీసేసి, చిన్న రెక్కను ముక్కు దగ్గర పెట్టి, మోటారును వెనక్కి పంపావు. గీత ముచ్చటగా ఉంది. కానీ గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు, దాని గుర్తు మాత్రం ఎక్కడా కనిపించలేదు. తోక ఉన్న విమానమైతే ఆ పని ఆఖరున చూసుకోమనేవాణ్ణి. కనార్డ్‌కు, అంటే ఇలా ముందు రెక్క ఉన్న విమానానికి, అలా కుదరదు. ఫోమ్ మీద కత్తి పెట్టకముందే ఆ చుక్క పడాలి.

నీ కొలతలతోనే లెక్క వేద్దాం. పెద్ద రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 100 సెం.మీ., వెడల్పు 20. అంటే 2000 చదరపు సెం.మీ. ముందు రెక్క 40, వెడల్పు 10. అది 400. రెండింటి మీదా ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దగ్గర ఒక గీత గియ్యి. ఆ రెండు గీతల మధ్య నువ్వు ఇచ్చిన దూరం 60 సెం.మీ. 60ని 400తో హెచ్చించి, మొత్తం వైశాల్యం 2400తో భాగిస్తే 10 వస్తుంది. పెద్ద రెక్క గీతకు 10 సెం.మీ. ముందున్న ఆ చోటును, ఉజ్జాయింపుగా, తటస్థ బిందువు అనుకో, అంటే బరువు అంతకంటే వెనక్కి పోతే విమానం నిలకడ తప్పే హద్దు. విమానం బరువు దానికి ముందే నిలవాలి. అందుకని పెద్ద రెక్క వెడల్పులో 15 శాతం, అంటే మరో 3 సెం.మీ. ముందుకు జరుపు. ఇప్పుడు నీ చుక్క పెద్ద రెక్క ముందు అంచుకు కూడా 8 సెం.మీ. ముందు, ఒట్టి బాడీ మీద పడుతుంది. చూడగానే ఎక్కడో లెక్క తప్పిందనిపిస్తుంది. తప్పలేదు, అక్కడే వేళ్లు పెట్టి తూచు.

ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. ఈ చుక్క దగ్గర తూగితే 100 గ్రాముల బరువులో దాదాపు 22 గ్రాములు ముందు రెక్క మోస్తుంది. మొత్తం వైశాల్యంలో దాని వాటా ఆరో వంతే. తన వాటాకు మించి మోస్తోంది కాబట్టి, ముక్కు మరీ పైకి లేచినప్పుడు స్టాల్ అయ్యేది, అంటే గాలి పట్టు తప్పి ఎత్తే బలం కోల్పోయేది, అదే ముందు. అది పట్టు వదలగానే ముక్కు తనంతట తానే దిగుతుంది, వేగం పుంజుకుంటుంది. దీన్ని ఖాయం చేయడానికి ముందు రెక్కను పెద్దదాని కంటే రెండు డిగ్రీలు ఎక్కువ వాలుతో, ముందు అంచు పైకి ఉండేలా అతికించు. పెద్ద రెక్క ముందుగా స్టాల్ అయిందా, వెనుక భాగం కూలబడి ముక్కు ఇంకా పైకి లేస్తుంది.

నేనొకసారి బ్యాటరీ ముక్కులో పట్టడం లేదని నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపాను. విమానం చక్కగా పైకి లేచి, ఉన్నట్టుండి గాలిలో ఆగిపోయినట్టయి, పళ్లెంలా చదునుగా దిగడం మొదలుపెట్టింది. ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకను, అదే ఎలివేటర్‌ను, ఎంత కదిపినా ముక్కు వంగలేదు. నేలను తాకేదాకా అంతే. మోటారు వెనుక ఉన్నప్పుడు బరువు ఎప్పుడూ వెనక్కే లాగుతుంది, కాబట్టి బ్యాటరీకి ముక్కులో చోటు ఇప్పుడే గీసి పెట్టుకో.

రైట్ సోదరుల 1903 విమానానికీ ఎలివేటర్ ముందే ఉండేది. బరువు మరీ వెనక్కి ఉండటంతో అది ఒక్క క్షణం కుదురుగా ఉండక, పైకీ కిందికీ ఊగుతూ ఎగిరింది. రఫేల్, గ్రిపెన్ యుద్ధ విమానాల బొమ్మలు చూసి వాటి కొలతలు తీసుకోకు. అవి కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దుతుంటే ఎగిరే విమానాలు. నీకు దారి చూపేది అమెరికా విమాన రూపకర్త బర్ట్ రుటాన్ కట్టినవి. 1986లో ఆయన వాయేజర్ విమానం మధ్యలో ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టింది. దానికీ ముందు రెక్క ఉంది.

అయితే ఈ అమరికను శక్తి ఆదా కోసం ఎంచుకోకు. ముందు రెక్క కూడా పైకే ఎత్తుతుంది నిజమే, కానీ అది కిందికి నెట్టే గాలి పెద్ద రెక్క మీద పడుతుంది. పైగా పెద్ద రెక్క తన పూర్తి శక్తి దాకా ఎప్పుడూ వెళ్లదు, వెళ్లనివ్వకూడదు. దిగేటప్పుడు వేగం ఎక్కువే ఉంటుంది, నేల మీద దూరం పోతుంది. స్టాల్ విషయంలో దొరికే ఆ నిబ్బరం కోసమైతే కట్టు. నాకు ఇష్టమైందీ అదే.

నిలువు తోక పెద్దదిగా చెయ్యి. తిన్నని రెక్క మీద అది గురుత్వ కేంద్రానికి మరీ దగ్గరవుతుంది. రుటాన్ రెక్కల్ని వెనక్కి వాల్చి కొసల్లో నిలువు రెక్కలు నిలబెట్టింది అందుకే.

ఎగరేసే ముందు రిమోట్ మీది స్టిక్ వెనక్కి లాగి చూడు. ముందు రెక్క ఎలివేటర్ వెనుక అంచు కిందికి దిగాలి. తోక విమానానికి అలవాటైన చెయ్యి ఇక్కడ తడబడుతుంది.

మొదట మోటారు లేకుండా, ఎత్తుగా పెరిగిన గడ్డి మీదకు మెల్లగా విసురు. మరీ ముక్కు బరువుగా దిగితే ముందు రెక్క వాలు అర డిగ్రీ పెంచు, బ్యాటరీ జోలికి వెళ్లకు. తర్వాత ఎత్తులో స్టిక్ నిదానంగా వెనక్కి లాగి పట్టుకుంటే ముక్కు తల ఊపినట్టు కాస్త లేచి, కాస్త దిగి, మళ్లీ లేస్తుంది. అది కనబడితే నీ చుక్క సరైన చోట పడినట్టే. మంచు పట్టిన ఉదయం మాత్రం రెక్కలు తుడిచాకే విసురు. రుటాన్ తొలి విమానాల్లో కొన్నిటికి ముందు రెక్క మీద వాన చినుకులు నిలిస్తే ఎత్తే బలం తగ్గి ముక్కు దిగేది, తర్వాత ఆ రెక్క ఆకారమే మార్చారు.

చుక్క పెట్టిన కొత్త బొమ్మ పంపు. చూసి చెప్పాక ఫోమ్ కోద్దువుగాని.

మీ మామయ్య