సాయం చేస్తున్నాను, మరి ప్రభువు గురించి చెప్పొద్దా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మా ఆఫీసులో నాతోపాటు పనిచేసే అమ్మాయి వాళ్లమ్మగారికి క్యాన్సర్. ఆ పిల్లకి ఇంకెవరూ లేరు, అందుకని ఆరు నెలలుగా కీమో ఉన్న ప్రతిసారీ నేనే తోడు వెళ్తున్నాను. వాళ్లు క్రైస్తవులు కారు. మొన్న ప్రార్థన కూటంలో ఆమె కోసం ప్రార్థించమని అడిగితే ఒక పెద్దావిడ, "ఆర్నెల్లుగా వెళ్తున్నావు, ఇంతవరకు ప్రభువు గురించి ఒక్క మాటైనా చెప్పలేదా? ఆ తల్లి ఇలాగే వెళ్లిపోతే ఎవరిది బాధ్యత?" అన్నారు. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. చెబితే, ఇన్నాళ్లూ మా వెంట తిరిగింది దీనికోసమా అనుకుంటారేమో. చెప్పకపోతే అసలు నాది ప్రేమేనా అనిపిస్తోంది. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
(ఒక సోదరి)

జవాబు: వందనాలమ్మా. కీమో రోజు ఎంత పొడుగ్గా గడుస్తుందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ కుర్చీ పక్కన ఆర్నెల్లు కూర్చున్నావు. ముందు ఆ సంగతి నీ మనసులో చిన్నది చేసుకోకు. అసలు పని సువార్త చెప్పడం, దానికి దారి వేయడానికి ఈ సాయం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. లూకా 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో సమరయుడు, దొంగలు కొట్టి పడేసిన మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు, తన జంతువు మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకెళ్లాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఆ గాయపడినవాడితో తన విశ్వాసం గురించి ఒక్క మాట మాట్లాడినట్టు ఆ కథలో లేదు. అయినా యేసు, నువ్వూ వెళ్లి అలాగే చెయ్యి అన్నాడు. కాబట్టి నీది ప్రేమేనా అన్న అనుమానం ఇక వదిలెయ్యి.

అలాగని పెద్దావిడ మాట కొట్టిపారేయకమ్మా. ఆవిడ అన్న తీరు గుచ్చుకుంది, నాకూ బాధేసింది, కానీ ఆవిడ మోస్తున్న భారం నిజమైనదే. సువార్తల్లో యేసు కనికరపడ్డాడు అని రాసిన చోట్ల గ్రీకులో ఒక మాట వాడారు, అది లోపలి అవయవాలు, పేగులు అన్న అర్థంలోంచి పుట్టిన మాట. మనం కడుపు తరుక్కుపోయింది అంటామే, సరిగ్గా అదే. ఐదువేల మందికి ఆహారం పెట్టిన రోజు సంగతే చూడు. మత్తయి 14:14లో ఆయన జనాన్ని చూసి కనికరపడి వాళ్లలో రోగుల్ని బాగుచేశాడు అని ఉంటుంది. అదే రోజు గురించి మార్కు 6:34లో కనికరపడి వాళ్లకు చాలా సంగతులు బోధించాడు అని ఉంటుంది. ఒకటే రోజు, ఒకటే జనం, ఒకటే కనికరం. అందులోంచే చెయ్యీ కదిలింది, నోరూ కదిలింది. ఈ రెంటినీ విడదీసి ఏది ముఖ్యం అని వాదించుకోవడం తర్వాతి కాలంలో మనం తెచ్చుకున్న గొడవే. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో చాలా దేశాల సువార్తికులు కూడి ఒప్పుకున్న నిబంధనలో కూడా, సువార్త ప్రకటన, సమాజం పట్ల బాధ్యత రెండూ క్రైస్తవుడి విధులే అని రాసుకున్నారు.

అయితే నీ అసలు భయం వేరే కదా. "దీనికోసమా?" అని వాళ్లు అనుకుంటారేమోనని. ఆ భయం మంచిది, అది ఉన్నవాళ్లే చెప్పడానికి తగినవాళ్లు అని నేను నమ్ముతాను.

నాకు ఆ భయం లేని రోజుల్లో జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఆఖరి దశలో ఉన్న ఒకాయన్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆయనకి మాట పడిపోయింది. ఇంక టైము లేదన్న ఆత్రంతో మంచం పక్కన నిలబడి రక్షణ గురించి గబగబా చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆయన చెయ్యి కొంచెం పైకెత్తాడు, కిటికీ వైపు. పరలోకం వైపు చూపిస్తున్నాడనుకుని నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి, ఇంకా గట్టిగా ప్రార్థన అందుకున్నాను. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. అప్పుడు ఆయాగారు లోపలికొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి కర్టెన్ లాగింది. ఎండ నేరుగా ఆయన కళ్లలో పడుతోంది. నేను అక్కడ ఉన్నంతసేపూ పడుతూనే ఉంది. నేను చూడలేదు. ఆయన ఆత్మ గురించి అంత ఆరాటపడినదాన్ని ఆయన మొహం వైపు సరిగ్గా చూడలేదమ్మా. కర్టెన్ పడ్డాక ఆయన నుదురు మీద ముడతలు మెల్లిగా విడిపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

కాబట్టి నీకు చెప్పేది ఇది. కీమో ఎక్కుతున్నప్పుడు, వాంతులతో అల్లాడుతున్నప్పుడు, స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన రోజున విశ్వాసం గురించి మొదలుపెట్టొద్దు. లేచి వెళ్లిపోలేని మనిషితో, వద్దంటే రేపు తోడు ఎవరొస్తారోనని భయపడే మనిషితో మాట్లాడుతున్నావని గుర్తుంచుకో. 2011లో వాటికన్ మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఎవాంజలికల్ కూటమి కలిసి క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. ఇన్ని సంఘాలు ఒక్క మాట మీదకు రావడమే అరుదు. మనుషుల పేదరికాన్ని, అవసరాన్ని వాడుకోకూడదు, ఆశలు చూపించకూడదు అని అందులో స్పష్టంగా ఉంది.

మరి ఎప్పుడు? ఆవిడ కాస్త కుదురుగా ఉన్న రోజున, ముందు అడుగు. "అమ్మా, మీకోసం నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి మీ దగ్గరే చేయనా? వద్దన్నా ఏం ఫర్వాలేదు, వచ్చే కీమోకి నేను ఎలాగూ వస్తాను." ఆ చివరి ముక్క మాత్రం మర్చిపోవద్దు, ముందే చెప్పెయ్యి. సరే అంటే రెండు నిమిషాలకు మించకుండా, ఆవిడ పేరు పెట్టి, ఆవిడ నొప్పి గురించి, కూతురి గురించి ప్రార్థించు. ప్రార్థనలో ప్రసంగం దూర్చొద్దు. వద్దంటే, ఆ వారం ఎలా ఉన్నావో పై వారమూ అలాగే ఉండు. ఎప్పుడో ఒకరోజు వాళ్లే, నువ్వు ఇదంతా ఎందుకు చేస్తున్నావని అడుగుతారు. అప్పుడు మాత్రం "ఏముందండీ, మానవత్వం" అని తప్పించుకోకు. నిన్ను నిలబెట్టింది ఎవరో, నీకు జరిగిందేమిటో నీ సొంత మాటల్లో చెప్పు. అంతవరకే నీ పని. ఆ తల్లి లెక్క నీ చేతిలో లేదు, నీకంటే ఎక్కువ కనికరం ఉన్నవాడి చేతిలో ఉంది. వెళ్లి నిద్రపో.

ప్రశ్న: "ఎప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతేనే మాటలు వాడండి" అని అస్సీసీ ఫ్రాన్సిస్ గారు అన్నారట. నాకు అదే కరెక్ట్ అనిపిస్తుంది. బతుకే సాక్ష్యం, నోరు విప్పక్కర్లేదు. మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆ వాక్యం ఫ్రాన్సిస్ రాతల్లో ఎక్కడా దొరకదు. ఆయన తన సన్యాసి సహోదరుల కోసం రాసిన 1221 నాటి నియమావళిలో ముస్లింల మధ్యకు వెళ్లే సహోదరులకు రెండు పద్ధతులు చెప్పాడు. మొదటిది, ఎవరితోనూ వాదాలకు దిగకుండా దేవుని నిమిత్తం అందరికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం. రెండోది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం ప్రకటించడం. చూశావా, మొదటి పద్ధతిలో కూడా తామెవరో దాచుకోలేదు. నోరు విప్పకపోతే ఏమవుతుందంటే, జనం నిన్ను మంచివాడంటారు, ఆ పొగడ్త నీ దగ్గరే ఆగిపోతుంది. 1 పేతురు 3:15లో మీ నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ "సాత్వికముతోను భయముతోను". అడిగేలా బతకాలి, అడిగితే చెప్పాలి. నీ ప్రశ్నలో మొదటి సగం ఉంది, రెండో సగం కూడా చేర్చుకో.

ప్రశ్న: మా సంఘం ఏడాదిగా ఒక కుటుంబానికి సాయం చేస్తోంది. పని పోయి ఇబ్బందుల్లో ఉన్నారు. ఇంతవరకు ఒక్క ఆదివారం కూడా ఆరాధనకు రాలేదు. సాయం ఆపేద్దామని కమిటీలో కొందరు అంటున్నారు.
(ఒక సంఘ పెద్ద)

జవాబు: ఆ కారణంతో ఆపకండి అయ్యగారూ, దయచేసి ఆపకండి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడు, ఆయనకీ బాధేసింది, కానీ ఆ తొమ్మిదిమందికి కుష్ఠు తిరిగి వచ్చిందని రాసి లేదు. ఇంకొకటి. క్రైస్తవ్యాన్ని విడిచి పాత దేవతల ఆరాధనను మళ్లీ నిలబెట్టాలనుకున్న రోమా చక్రవర్తి జూలియన్, 362లో తన పూజారి ఒకరికి రాసిన ఉత్తరంలో, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని ఆయన అలా పిలిచేవాడు) తమ పేదల్నే కాకుండా మన పేదల్ని కూడా పోషిస్తున్నారే అని వాపోయాడు. ఆ క్రైస్తవులు తమ ఆరాధనకు వచ్చినవాళ్లకే పెట్టి ఉంటే ఆ చక్రవర్తికి ఆ మాట అనాల్సిన పనే పడేది కాదు.

ఈసారి కమిటీలో ఆ చర్చ వచ్చినప్పుడు, వాళ్లు ఆరాధనకు వచ్చారా అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఆయనకు పని దొరికిందా, పిల్లల ఫీజులు కట్టగలిగారా అని అడగండి. దొరికి ఉంటే, వాళ్లతోనే మాట్లాడి, వాళ్లు సరే అన్నాక ఆపండి. దొరక్కపోతే ఈ నెలది ఈ నెలే పంపండి, ఆలస్యం చేయకుండా.