బావగారి కారుకు రూఫ్ లైనింగ్: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బావగారి హోండా సిటీలో పైన గుడ్డ ఊడి, వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తల మీదికి వేలాడుతుంటే మనసుకు కష్టం వేసింది. 2001లో ఆ బండి ఇంటికి వచ్చిన రోజు అక్కయ్య టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం నాకు ఇంకా కళ్లలోనే ఉంది. షాపులో ఇవ్వకుండా నాన్న బండిని నా చేతులతోనే బాగు చేసుకుంటానన్నావు. చేసుకో నాన్నా. బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు సీటు కవర్లు కుట్టి, రూఫ్ లైనింగులు అతికించినవాడిగా చెబుతున్నా, ఓపిక ఉంటే ఇది ఇంట్లో అయ్యే పనే.

ముందు జబ్బేమిటో తెలుసుకో. పైన నీకు కనిపించే గుడ్డ నేరుగా రేకుకు అతికించింది కాదు. రేకు కింద అచ్చులో నొక్కి తీసిన గట్టి అట్ట ఒకటి ఉంటుంది. గుడ్డకు వెనకవైపు పల్చటి స్పాంజి పొర ఉంటుంది, ఆ స్పాంజినే అట్టకు అతికిస్తారు. గుడ్డ ఊడగానే అందరూ సొల్యూషన్, అంటే అతికించిన జిగురు, పోయిందనుకుంటారు. చాలాసార్లు సొల్యూషన్ బాగానే ఉంటుంది, చచ్చిపోయేది స్పాంజి. వేడికీ గాలిలో తేమకీ అది ఏళ్ల తరబడి మగ్గి పొడైపోతుంది. ఊడిన చోట వేలు పెట్టి రుద్ది చూడు, ఇటుక రంగు పొడి జిడ్డుగా అంటుకుంటుంది. బయట 42 డిగ్రీలున్న రోజు అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటిపోతుంది. ఆ వేడి ముందు తగిలేది పైకప్పుకే. మీ బండి బెజవాడలో షెడ్డు లేకుండా ఎన్ని వేసవులు గడిపిందో నాకు తెలుసు.

అందుకే ఊడిన చోట స్ప్రే కొట్టడం, సిరంజితో సొల్యూషన్ ఎక్కించడం, గుండు పిన్నులు గుచ్చడం ఏదీ నిలవదు. పెచ్చులూడే గోడకు పైన సున్నం వేసినట్టే అవుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఆ తప్పు చేశాను. ఒకాయన పెళ్లికి వెళ్లాలని తొందరపెడితే, పాత స్పాంజిని పైపైన దులిపి కొత్త గుడ్డ అతికించి ఇచ్చాను. ఎండాకాలం రాగానే మొత్తం ఊడి పడింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. డబ్బు తీసుకోకుండా మళ్లీ మొదటి నుంచి చేసిచ్చాను. అప్పటి నుంచి స్పాంజి పూర్తిగా గీకని అట్ట మీద బ్రష్ పెట్టలేదు.

ఇంకో మాట. మీ వీధిలో ఎవరైనా పెద్దాయన పాత ఫియట్‌లోనో అంబాసిడర్‌లోనో తాను చేసిన పద్ధతి చెబితే గౌరవంగా విను, కానీ నీ బండికి వాడకు. వాటిలో అట్ట ఉండేది కాదు. కుట్టిన లైనింగ్‌ను అడ్డ కమ్ములకు తొడిగి, చుట్టూ లాగి బిగించేవాళ్లు. అది వేరే విద్య.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో వద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరుతున్న సొల్యూషన్ మీద కంటికి కనపడని చెమ్మ పట్టి, పట్టు సగమే వస్తుంది. నడి వేసవిలో గుడ్డ పరిచేలోపే ఆరిపోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, మంచు విడిచాక పొద్దున పూట మంచిది.

అట్టను దించే పని భయపడేంత కష్టం కాదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్. సన్ వైజర్లు, లోపలి లైటు, పైన పట్టుకునే హ్యాండిళ్లు, తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు, పైకప్పును మోసే స్తంభాల మీది ప్లాస్టిక్ కవర్లు, ఇవన్నీ వరసగా వస్తాయి. సీటు బెల్టు పై బోల్టు అడ్డం వస్తే అదీ విప్పాలి. ఏది విప్పినా ముందు ఫోన్లో ఫొటో తీసుకో, స్క్రూలు దేనివి దానికి వేరే కవర్లో వేసి పేరు రాసుకో. ఇన్నేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. బండిని కాసేపు ఎండలో ఉంచి మొదలుపెడితే కొంచెం మెత్తబడుతుంది. అయినా కొన్ని క్లిప్పులు విరుగుతాయి, పది ముందే కొని ఉంచుకో. మీ బండికి పైకప్పు అంచుల్లో ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి నీకు చెబుతున్నాను. అవి ఉన్న కొత్త బండి అయితే ఇంట్లో ముట్టుకోవద్దనే అనేవాణ్ణి.

చివరి క్లిప్పు తీసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. లైటు వైరు అట్ట వెనక అతికించి ఉంటుంది, అది విడిపించకుండా లాగితే తెగుతుంది. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, ఎడమ ముందు తలుపులోంచి అట్టను ఏటవాలుగా తియ్యి. రాకపోతే ఇంకా ఏం అడ్డుందో చూడు, అంతేగానీ వంచకు. ఒక్కసారి మడత పడిందంటే ఆ గీత కొత్త గుడ్డ మీద కూడా కనిపిస్తూనే ఉంటుంది. మీది అపార్ట్‌మెంట్ కదా, టెర్రస్ మీదికి తీసుకెళ్లాలంటే లిఫ్టులో కుక్కొద్దు, ఇద్దరూ మెట్ల మీద మోయండి. సెల్లారులో మాత్రం ఈ పని పెట్టుకోకు, సొల్యూషన్ వాసన అక్కడ నిలిచిపోతుంది.

ఇక గీకడం. నువ్వు రెండు రోజులు కేటాయించుకుంటే అందులో ఒకటి దీనికే పోవాలి. పాత గుడ్డ చేత్తో లాగితే వచ్చేస్తుంది, స్పాంజి మాత్రం అట్టకే ఉండిపోతుంది. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకో, పాత చొక్కా వేసుకో. నైలాన్ బ్రష్‌తో చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దు. ఇనప బ్రష్ వద్దు, అట్ట పొర లేచిపోతుంది. నీళ్లతో కడగొద్దు, అట్ట ఉబ్బి ఆకారం పోతుంది. మధ్య భాగం తేలిగ్గా పోతుంది. లైటు గుంట, వైజర్లు కూర్చునే గుంటలు, అంచుల వంపులు, అక్కడే పాత పొడి దాక్కుంటుంది, ఊడటమూ అక్కడి నుంచే మొదలవుతుంది. రుద్దాక వాక్యూమ్ పట్టు, లేకపోతే పొడి గుడ్డతో తుడిచి, అరచేతితో మొత్తం తడిమి చూడు. చేతికి పొడి అంటితే మళ్లీ రుద్దాలి. విసుగొస్తే టీ తాగి రా, పని మాత్రం సగంలో వదలకు. అట్ట ఎక్కడైనా పగిలి ఉంటే వెనకవైపు నుంచి పల్చటి నూలు గుడ్డ ముక్కను ఫెవికాల్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనివ్వు.

గుడ్డ కొనేటప్పుడు వెనక స్పాంజి ఉన్న రూఫ్ లైనింగ్ గుడ్డే అడుగు. కర్టెన్ గుడ్డ చవకని తీసుకుంటే సొల్యూషన్ మరకలు పైకి తేలుతాయి, అట్ట మీది ప్రతి గరుకూ కనిపిస్తుంది. అట్టను పొడవూ వెడల్పూ గుంటల్లోంచి టేపు పోనిచ్చి కొలిచి, నాలుగు వైపులా జానెడు ఎక్కువ ఉండేలా తీసుకో. సొల్యూషన్ దగ్గర పిసినారితనం పనికిరాదు. చెప్పులకు వాడే మామూలు రకం మన ఎండలకు మెత్తబడి జారిపోతుంది. ఎక్కువ వేడి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న కాంటాక్ట్ రకమే తీసుకో. దానికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో అగరొత్తి కూడా వెలిగించొద్దు.

గుడ్డను అట్ట మీద పరిచి సరిచూసుకున్నాక, సగం వెనక్కి మడువు. తేలిన సగం అట్టకూ, మడిచిన గుడ్డ స్పాంజికీ రెండింటికీ పల్చగా పూత వెయ్యి. ఎక్కువైతే స్పాంజి పీల్చుకుని గట్టిపడుతుంది. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి వేలు ఆనించి చూడు. జిగటగా తగలాలి, వేలికి తీగలు రాకూడదు. అప్పుడు మధ్య నుంచి అంచులకు అరచేతితో నిమురుకుంటూ వెళ్లు. వేళ్లతో గట్టిగా నొక్కితే స్పాంజి అణిగి గుర్తులు పడతాయి.

గుంట వచ్చినప్పుడు గుడ్డను దాని మీదుగా లాగి పరిచేస్తే చూడటానికి నున్నగా ఉంటుంది, మొదటి వేసవికే బుడగలా లేస్తుంది. ముందు గుంట అడుగున అంటించు, తర్వాత దాని గోడలకు, ఆ తర్వాతే బయటి మట్టానికి రా. బిగుతుగా లాగాలన్న ఆశ వద్దు, ఆ గుంటల్లోకి దిగడానికే స్పాంజికి కొంచెం సాగే గుణం ఉంది. రెండో సగమూ ఇలాగే. అంచుల్లో రెండు మూడు సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, వెనక్కి మడిచి అంటించు. లైటు, హ్యాండిళ్ల రంధ్రాలను ఆ రోజు ముట్టుకోకు. మర్నాడు వెనక నుంచి చిన్న ఇంటూ గుర్తులా కోసి అంచులు లోపలికి మడువు.

ఎక్కించడం దించిన దానికి తిరగేసిన వరసే. చేతులు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టు, లేత రంగు గుడ్డ మీద నూనె మరక పోదు. సీటు బెల్టు బోల్టు విప్పి ఉంటే ముందు చేత్తో నాలుగు మరలు ఎక్కించి, తర్వాత స్పానర్‌తో గట్టిగా బిగించు. ప్రాణానికి సంబంధించినది, రెండోసారి కూడా పట్టి చూడు. వాసన పోయేదాకా రెండు రోజులు నీడలో అద్దాలు కాస్త దించి ఉంచు.

గుడ్డ రంగు అక్కయ్యను అడిగి తీసుకో. పాత గోధుమ రంగే కావాలంటుందని నా నమ్మకం. గీకడం అయ్యాక, సొల్యూషన్ డబ్బా తెరవక ముందు అట్ట ఫొటో పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య