మెవ్-బూస్ట్ నడుస్తున్నా బ్లాకును మీ నోడే తయారు చేస్తోందంటే

ఎథీరియం నోడ్‌లో మెవ్-బూస్ట్ (బయటి బిల్డర్లు కట్టిన బ్లాకులను మీ నోడ్‌కు తెచ్చే ప్రోగ్రాం) నడుస్తున్నా బ్లాకులను నా నోడే కడుతోంది, ఎందుకని అడిగారు. చాలావరకు కారణం ఇదే: మీ వాలిడేటర్ క్లయింటు (మీ తరఫున బ్లాకులపై సంతకం చేసే ప్రోగ్రాం) రిలేలకు, అంటే బిల్డర్లకూ మీకూ మధ్యవర్తులైన సర్వర్లకు, రిజిస్ట్రేషన్ పంపడం లేదు. మెవ్-బూస్ట్ ఆన్‌లో ఉండి, రిలేల జాబితా సరిగ్గా ఉన్నంత మాత్రాన బయటి బిల్డర్ల బ్లాకులు మీ దాకా రావు.

లైట్‌హౌస్ (ఎథీరియం నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఒకటి) వాడుతున్నానన్నారు కాబట్టి:

1. బీకన్ నోడ్‌కు (నెట్‌వర్క్‌తో కలిసి చైన్‌ను అనుసరించే ప్రోగ్రాం) ‘బిల్డర్’ ఆప్షన్, మెవ్-బూస్ట్ పోర్టు 18550. ఇది మీరు పెట్టారు, బాగానే ఉంది.

2. వాలిడేటర్ క్లయింటుకు ‘బిల్డర్-ప్రపోజల్స్’ ఆప్షన్. అందరూ మరిచిపోయేది దీన్నే (మొదట్లో నేనూ మరిచాను). రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. ఒకదానికి చెప్పింది రెండోదానికి తెలియదు. బీకన్ నోడ్ సెట్టింగులను ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు.

3. వాలిడేటర్ క్లయింటును రీస్టార్ట్ చేసి ఒక ఎపాక్, అంటే 6.4 నిమిషాలు, ఆగండి. మెవ్-బూస్ట్ లాగ్‌లో ‘రిజిస్టర్ వాలిడేటర్’ అన్న వరుస రావాలి.

వరుస వచ్చాక కూడా ఎప్పుడైనా మీ నోడే బ్లాకు కడితే మెవ్-బూస్ట్‌లో ‘మిన్-బిడ్’ (బిల్డర్ మీకు ఇవ్వజూపాల్సిన కనీస మొత్తం) చూడండి. ఆ మొత్తానికి తక్కువ వచ్చిన బిడ్లను మెవ్-బూస్ట్ పక్కన పెడుతుంది. అది లోపం కాదు.

ఇంకొకటి: బిల్డర్ కట్టిన బ్లాకులో ఫీ రెసిపియెంట్‌గా (ఫీజులు అందుకునే చిరునామాగా) సాధారణంగా బిల్డర్ చిరునామాయే కనిపిస్తుంది. కంగారు పడకుండా చివరి లావాదేవీ తెరవండి; మీకు రావాల్సిన ఈథర్ అక్కడ ఉంటుంది.