హెపటైటిస్ బి: చైనా మూలికల పొడి వస్తే మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. రక్తదానానికి వెళ్లినప్పుడు హెపటైటిస్ బి ఉందని తెలిసింది. రెండేళ్లుగా టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నాను. మొన్నటి పరీక్షలో రక్తంలో వైరస్ కనిపించలేదు, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 38. చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా అక్క కొడుకు అక్కడి మూలికల పొడి పంపించాడు. రోగనిరోధక శక్తిని పెంచి వైరస్‌ను పూర్తిగా పోగొడుతుందట. మాత్రలు మానేసి ఇది వాడవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాత్ర మానకండి. రక్తంలో వైరస్ కనిపించడం లేదంటే అది పోయిందని కాదు. దాని జన్యుపదార్థం కాలేయ కణాల కేంద్రకంలో తిష్ఠ వేసుకుని ఉంటుంది. టెనోఫోవిర్ దాన్ని పెరగనివ్వదు, అంతవరకే. మాత్ర ఆపేస్తే కొన్ని వారాల్లో, నెలల్లో వైరస్ మళ్లీ పైకి లేస్తుంది. కొందరికి కామెర్లు ముదిరి కాలేయం పని చేయడం మానేసే దాకా వస్తుంది.

ఇక రోగనిరోధక శక్తి సంగతి. ఈ వైరస్ కాలేయాన్ని నేరుగా పాడు చేయదు. వైరస్ చేరిన కణాలను మన టి కణాలే (రక్షణ వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) వెతికి చంపుతాయి, కాలేయం దెబ్బతినేది ఆ దాడి వల్లే. వైరస్‌ను తుడిచిపెట్టలేక అవి డీలా పడితే జబ్బు దీర్ఘకాలికమవుతుంది. డీలా పడిన ఆ టి కణాలను తట్టి లేపడం వేరు, ఒంట్లో ఉన్న రక్షణ వ్యవస్థనంతా రెచ్చగొట్టడం వేరు. ప్యాకెట్ మీద 'శక్తి పెంచుతుంది' అని రాసేవాళ్లకు ఈ తేడాతో పని లేదు.

చైనాలో హెపటైటిస్ బి ఉన్నవారు కోట్లలో ఉన్నారు. అందుకే అక్కడ మూలికల మీద పరిశోధనా ఎక్కువే. కుషెన్ అనే వేరు నుంచి తీసిన ఆక్సీమాట్రిన్‌ను మందుగానే వాడుతున్నారు. అయితే ఆ వేరు మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2019లో వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు జల్లెడ పట్టి, ఆధారాలు చాలా బలహీనంగా ఉన్నాయని తేల్చారు. మన నేల ఉసిరి కథా ఇలాంటిదే. 1988లో మద్రాసు పరిశోధకులు నెల రోజులు ఇచ్చి చూస్తే 59 శాతం మందిలో వైరస్ ఉపరితల యాంటీజెన్ (వైరస్ పైపొరలోని ప్రోటీన్, హెచ్‌బీఎస్‌ఏజీ) పోయిందని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత మరికొన్ని చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

ఇంకో మాయ ఉంది. వూ వీ జీ అనే పండు నుంచి పుట్టిన మందులు ఎస్‌జీపీటీని చకచకా దించేస్తాయి. రిపోర్టు చూసి రోగి సంతోషిస్తాడు, వైరస్ మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి మందు పని చేసిందనుకోకండి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ, హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలు చూడాలి.

పొడిలో ఏమేం కలిశాయో తెలియకుండా నోట్లో వేసుకోవద్దు. జుట్టు నల్లబడటానికి వాడే హె షౌ వూ అనే చైనా దుంప మంచి కాలేయాన్నే దెబ్బతీసిన సందర్భాలు చాలా నమోదయ్యాయి. మీ మేనల్లుడి చేత ప్యాకెట్ మీది పేర్లు చదివించి, రాయించి, మీ డాక్టరుకు చూపించండి. ఇప్పటికే కొంత వాడి ఉంటే దాచకుండా చెప్పి, ఈ వారమే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చేయించుకోండి.

ఫైబ్రోస్కాన్ గురించి మీరు రాయలేదు. చేయించుకోకపోతే చేయించుకోండి, కాలేయం ఎంత గట్టిపడిందో తెలుస్తుంది. టెనోఫోవిర్ వాడుతున్నారు కనుక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా అప్పుడప్పుడు చూడాలి. మాత్రల ఖర్చు భారమైతే, జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇంట్లో భార్యకు, పిల్లలకు పరీక్ష చేయించారా? వైరస్ లేదని, రక్షణ కూడా లేదని తేలినవారికి టీకా మూడు డోసులు వేయించండి: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో.