పేరు అడిగితే నంబరు చెప్పే బ్యాంకు

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి జపాన్‌లో, సెండాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జీతం ఏ బ్యాంకులో పడుతుందిరా అంటే ‘77 బ్యాంకు’ అంటాడు. బ్రాంచి నంబరేమో అనుకున్నాను. కాదట, పేరే అదట! నన్ను ఆటపట్టిస్తున్నాడా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: లేదమ్మా, మీవాడు నిజమే చెప్పాడు. ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్న నాకు కూడా ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు టోకెన్ నంబరులా అనిపించింది. అది దాదాపు అలాంటిదే.

1872లో జపాన్ ప్రభుత్వం అమెరికా పద్ధతి చూసి బ్యాంకుల చట్టం తెచ్చింది. అనుమతి దొరికిన వరసలో ఒక్కో బ్యాంకుకు ఒక్కో నంబరు. ‘జాతీయ బ్యాంకు’ అన్నది పేరుకే, అన్నీ ప్రైవేటువే. 1873లో ఒకటో నంబరుది పెట్టించింది షిబుసావా ఎయిచి. 2024 నుంచి వాళ్ల 10,000 యెన్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే.

మొదట్లో నాలుగే తెరుచుకున్నాయి. సొంత నోట్లు వేసుకోవచ్చు గానీ, ఎవరైనా నోటు తెచ్చి అడిగితే బంగారం ఇవ్వాలి. జనం ఊరుకుంటారా? నోటు చేతికందగానే బంగారం కోసం వచ్చి నిలబడ్డారు. 1876లో ఆ షరతు ఎత్తేశారు. అదే ఏడు సమురాయ్‌లకు తరతరాలుగా వస్తున్న భరణాలు ఆపేసి, బదులుగా ప్రభుత్వ బాండ్లు చేతిలో పెట్టారు. ఆ బాండ్లనే మూలధనంగా చూపి బ్యాంకు పెట్టుకోవచ్చన్నారు. అంతే, ఊరూరా బ్యాంకులే! 1879 నాటికి నంబరు 153కి చేరింది. అక్కడితో ఇక చాలన్నారు. మీవాడి 77 ఆ ఊపులో, 1878లో పుట్టిందే.

1882లో బ్యాంక్ ఆఫ్ జపాన్ వచ్చింది. నోట్లు వేసే పని మెల్లగా దాని ఒక్కదానికే మిగిలింది. మిగతావి మామూలు బ్యాంకులుగా మారాయి, చాలా వరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నంబరు వదలని మొండివాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు: గిఫులో 16, త్సులో 105, తకమత్సులో 114.

నాకు బాగా నచ్చింది నాగానో వాళ్ల లెక్క. మన దగ్గర రెండు బ్యాంకులు కలిస్తే ఎవరి పేరు ఉంచాలన్నదే పెద్ద రభస. అక్కడ 1931లో 19వ బ్యాంకు, 63వ బ్యాంకు కలిశాయి. కొత్త బ్యాంకు పేరు 82. కూడి చూసుకోండి!